పాషండ శబ్దవిచారము

వేదబాహ్యులను నిందించు పట్టులఁ బురాణములయందును, ధర్మనిబంధములయందును దఱచుగా వినఁబడు పదము పాషండ శబ్దము. దీనికిఁ బండితులలోఁ బ్రసిద్ధమైన వ్యుత్పత్తి యొకటి కలదు. ‘పా’ యనఁగా లోకమును బాలించు త్రయీధర్మము. దానిని ఖండించువారు గావునఁ బాఖండులు అని. ధారణకు ననుకూలము, విద్యార్థులకుఁ జెప్పుటకు సుకరము. కాని యిది శబ్దము పుట్టుకను దెలుపునది గాదు. శబ్దమునకు నింద యంటిన పిమ్మట నా నిందకుఁ గల్పించిన సమర్థనము మాత్రమే.

ఏలయన నీ నిర్వచనమంతయు ఖకారముమీఁద నిలిచినది. ఖకారమో, ఔత్తరాహులు షకారమును ఖకారముగాఁ బలుకుటచే వ్రాఁతప్రతులలోఁ జొచ్చినది. లభించిన ప్రాచీనప్రయోగములు క్రీ. పూ. 3వ శతాబ్దమునాఁటి యశోకుని శాసనములలోనివి. వానిలో గిర్నారు శిలయందు ‘పాసండ’ యనియు, కాల్సీయందు ‘పాషండ’ యనియు, షాబాజ్‌గఢీయందు ‘ప్రషండ’ యనియు నున్నది. ఈ మూఁటను ఖకారము లేదు. కడపటి రూపములోని రేఫము మిక్కిలి విలువ గలది. షాబాజ్‌గఢీ లేఖకుఁడు ధర్మమును ‘ధ్రమ’ యనియుఁ, బ్రియదర్శిని ‘ప్రియద్రశి’ యనియు వ్రాసెను; కావున నాతని ‘ప్రషండ’ యందును రేఫము చోటు మాఱినదనుట సహజము. పరిషత్తునకుఁ జెందిన ‘పార్షద’ శబ్దమే మూలమను శాబ్దికుల మతమున కిది యూఁత. అయినను దకారము డకారమగుటకును, బిందువు చేరుటకును వేఱుగ సమాధానము వలయుటచే దీనిని సిద్ధాంతమనక బలవత్తరమైన యూహ యనుట యుక్తము.

వ్యుత్పత్తి యెట్లున్నను అర్థవిషయమున సందియము లేదు. 12వ శిలాశాసనమున నశోకుఁడు సన్న్యాసులును గృహస్థులునగు సర్వపాషండములవారిని బూజించుచున్నట్లు చెప్పి, కారణము లేక స్వపాషండమును బొగడుటయుఁ బరపాషండమును దెగడుటయుఁ గూడదని వాక్సంయమమును విధించెను. తన మార్గమును దానే పాషండ మనువానికి నా పదము తిట్టు కానేరదు. మతసమాజ మనియే యచట నర్థము. ఈ 12వ శాసనము దూరదేశమున మాత్రమే కాదు, కర్నూలు జిల్లా యెఱ్ఱగుడి బండలమీఁదను గలదు. కళింగాధిపతియగు ఖారవేలుఁడును హాథిగుంఫా శాసనమున సర్వపాషండపూజకుఁడని కీర్తింపఁబడెను.

అశోకుఁడు బౌద్ధుఁడు, ఖారవేలుఁడు జైనపక్షపాతి. వారి వ్యవహారము వైదికులకుఁ బ్రమాణమా యని యాక్షేపింపవచ్చును. అట్లైన నారదస్మృతిని జూడవలెను. అందు సమయానపాకర్మ ప్రకరణమునఁ బాషండులు, నైగములు, శ్రేణులు మొదలగు సంఘములు తమలోఁ దా మేర్పఱచుకొన్న కట్టుబాట్లను రాజు రక్షింపవలెనని యున్నది. యాజ్ఞవల్క్యుఁడును వ్యవహారాధ్యాయమున శ్రేణినైగమాదులతోఁ బాషండులను జేర్చి యదే విధి చెప్పెను. ఇచటఁ బాషండశబ్దమునకు వేదదూషకుఁడను నర్థమునే పట్టినచో, వేదదూషకుల నియమములను గాపాడుటకు స్మృతికర్తలే రాజును నియోగించిరని చెప్పవలసివచ్చును. కొందఱు టీకలలో నీ చిక్కును గమనింపక యర్థము వ్రాయుచున్నారు; విద్యార్థి యడిగినచో నుత్తరము దొరకదు.

మనుస్మృతిలో రెండర్థములును బ్రక్కప్రక్కన నున్నవి. ప్రథమాధ్యాయాంతమున దేశధర్మ, జాతిధర్మ, కులధర్మములతోపాటు పాషండగణధర్మములును శాస్త్రవిషయములుగా గణింపఁబడినవి. అందు నింద లేదు. నాలవ యధ్యాయమునఁ బాషండులను మాటమాత్రముననైన గౌరవింపఁగూడదనియుఁ, దొమ్మిదవ యధ్యాయమున జూదరులతోఁగూడ వారిని బురమునుండి వెడలఁగొట్టవలెననియుఁ గలదు. కౌటలీయ మర్థశాస్త్రము పాషండులకును జండాలురకును శ్మశానాంతమున వాస మేర్పఱచినది. అశోకుఁడు వాక్కునకు విధించిన సంయమమునకును, మనువు వాక్కునకు విధించిన నిషేధమునకును నడుమ నీ పద మెంత దూరము జాఱినదో యూహించుకొనవచ్చును.

జాఱుటకు దారి యమరసింహుని పర్యాయములోఁ గొంత కానవచ్చుచున్నది. ఆయన పాషండులను సర్వలింగు లనెను. అనఁగా నానావిధ చిహ్నములు ధరించువారని. నింద యిందును లేదు. అయినఁ జిహ్నమే లక్షణమైనపుడు, ఎదిరిపక్షమువాని చిహ్నము కంటఁబడినంతనే పద మతనిపైఁ బడును. పాద్మపురాణోత్తరఖండమున భస్మము, కపాలము, నస్థులు ధరించువారు పాషండులైరి. కృష్ణమిశ్రుని ప్రబోధచంద్రోదయమునఁ దృతీయాంకములో క్షపణకుఁడు, భిక్షువు, కాపాలికుఁడు నొకే రంగమునఁ బరిహాసపాత్రములైరి. దానిని నంది మల్లయ, ఘంట సింగయలు 15వ శతాబ్దమునఁ దెనిఁగించిరి.

శైవులను నిట్లు వెలిఁబెట్టినవారు కలరు. శైవులును దమ వెలివారికిఁ బేరు పెట్టుకొనిరి. వీరశైవవాఙ్మయమున లింగధారి కానివాఁడు ‘భవి’. పాల్కురికి సోమనాథుని బసవపురాణమును జదువువారికిది సుపరిచితము. భవమనఁగా సంసారము, అందుఁ దగులువడినవాఁడు భవి; శివుఁడును భవుఁడే యగుట విశేషము. పాషండ పదముతో దీనిని జతపఱచి రెండును సమానములే యనుట సరిగాదు. పాషండము మొదట నెల్లవారిదై పిదప నితరులదైనది. భవి శబ్ద మా సంప్రదాయమునఁ బుట్టుకతోడనే యితరుని కొఱకేర్పడినది. తన్నుఁ దాను భవి యని చెప్పుకొన్న మతసమాజ మేదియు లేదు. అందుచే భవి శబ్దమున కే కావ్యమునందైన నొక్క యర్థము చాలును. పాషండ శబ్దమునకు మాత్రము గ్రంథమును, గాలమును, బలుకువానిని దెలిసికొనక యర్థము వ్రాయరాదు.