టాన్సిల్స్ తెలిసిన చేయి

నోరు బాగా తెరిచి "ఆ" అనమని, నాలుకను నొక్కిపట్టి, టార్చి వేసి ఈఎన్‌టీ డాక్టర్ చూసేది కాసేపే. అంతలోనే కొండనాలుకకు అటూ ఇటూ దిగే రెండేసి కండరాల మడతలు, వాటి మధ్య గూట్లో ఒదిగిన టాన్సిల్, దాని మీది సన్నని రంధ్రాలు అన్నీ కంట పడతాయి. ఆ రంధ్రాలు ఉత్త గుంటలు కావు, లోపలికి కొమ్మలుగా చీలిపోయే దారులు. తిండితో, గాలితో వచ్చిన సూక్ష్మజీవులను రక్షణ కణాలు పసిగట్టేది అక్కడే. చీము తెల్లచుక్కల్లా కనిపించేదీ వాటి నోళ్ల దగ్గరే.

అసలు పనితనం ఆపరేషన్ బల్ల దగ్గర తెలుస్తుంది. గొంతు గోడకు ఆనిన వైపు టాన్సిల్‌ను ఒక గట్టి పొర కప్పి ఉంటుంది. ఆ పొరకూ కండరానికీ మధ్య సందు దొరికిందా, పనస తొన ఊడినట్టు విడివడుతుంది. దారి తప్పి కండరంలోకి వెళితే నెత్తురూ నొప్పీ రెండూ ఎక్కువే. కింది కొసలో ముఖ ధమని శాఖ వస్తుంది, అక్కడ ఓపిగ్గా రక్తం ఆపాలి. గొంతుకూ చెవికీ శాఖలిచ్చే నరం ఒకటే కావడంతో, ఆపరేషన్ అయ్యాక పిల్లలు చెవిపోటని ఏడుస్తారు. ఆ మాట తల్లికి ముందే చెప్పి ఉంచే డాక్టరంటే నాకు మరీ గౌరవం.

తీయకుండా ఆగడమూ విద్యే. గొంతునొప్పి ఏడాదిలో 7 సార్లయినా వచ్చిందా అని లెక్క అడిగి, రాకపోతే చాలామంది ఇంకొన్నాళ్లు చూద్దామంటారు.