రెండోవైపు

మా తాతకు బోధన్‌లో మైక్‌సెట్ దుకాణం ఉండేది. పెళ్లిళ్లకీ గణపతి పందిళ్లకీ ఎలక్షన్లకీ హారన్లు, యాంప్లిఫయరు, రికార్డులు కిరాయికిచ్చేవాడు. షక్కర్‌నగర్‌లో చెరకు ఆడే సీజన్ మొదలైతే ఊళ్లో పైసలాడేవి, ఆయనకు తీరిక ఉండేది కాదు. 1962లో పెట్టిన దుకాణం క్యాసెట్లు వచ్చాక 1985 ప్రాంతంలో మూతబడింది. మిగిలినవి నూట నలభై రికార్డులు, కీ ఇచ్చి తిప్పే ప్లేయరు ఒకటి, రెండు హారన్లు. హారన్లలో ఒకటి చాలాకాలం మా మామ ఇంట్లో కోడిపిల్లల మీద బోర్లించడానికి పనికొచ్చింది.

ఏడేళ్ల క్రితం ఈ రికార్డుల మీద నేనో వ్యాసం రాశాను. ఒక చిన్న పట్నపు మనిషి తెలుగునీ ఉర్దూనీ మరాఠీనీ పక్కపక్కన పేర్చుకున్న అభిరుచిని మెచ్చుకుంటూ సాగింది. చదివినవాళ్లు బాగుందన్నారు. అందులో మా అమ్మమ్మ ఒక్క వాక్యంలో కనిపిస్తుంది, రికార్డులు గుడ్డతో తుడుస్తూ. స్త్రీల ఆత్మకథల మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నదాన్ని, సొంత ఇంటికొచ్చేసరికి ఆమెను తుడిచేపనిలో పెట్టి ముందుకెళ్లిపోయాను. ఇప్పుడు రాస్తున్నది ఆ వ్యాసం మీద నా విమర్శ.

2023 దసరా తర్వాత మామ రికార్డులు అమ్మేద్దామన్నాడు. జాబితా రాసిపెట్టమని నాకు చెప్పాడు. వినకుండా రాయనన్నాను. ఇంటికి తెచ్చుకుని ఒక పద్ధతి పెట్టుకున్నాను. వారానికి ఏడు రికార్డులు. వరుసలో ఎడమ చివరి నుంచి తియ్యాలి, విన్నాక కుడి చివర పెట్టాలి. ఇష్టమైనదని ముందుకు లాగకూడదు, విసుగనిపించినా వదలకూడదు, రెండువైపులా వినాలి. ఇరవై వారాలకు ఒక చుట్టు పూర్తవుతుంది. దీన్ని క్రమశిక్షణ అనుకోకండి. నా చెయ్యి తిన్నగా నాకు నచ్చిన పది రికార్డుల మీదికే పోతుందని నాకు తెలుసు. సాహిత్య చరిత్రలు రాసినవాళ్ల చేతులూ అలాగే పోయాయి కదా.

మొదటి చుట్టులో జాబితా కోసమే విన్నాను. తాత అభిరుచి అని నేను రాసింది అభిరుచి కాదని అప్పుడే అర్థమైంది. అది గిరాకీ. మంజీర మీద అలీ నవాజ్ జంగ్ చేతుల మీదుగా కట్టిన నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా రైతులు వచ్చారు. వర్ని, కోటగిరి వైపు వాళ్ల క్యాంపులు వెలిశాయి. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ పెట్టారు. ఉర్దూ మాట్లాడే ఉద్యోగులు, మరాఠ్వాడా నుంచి చెరకు కొట్టడానికి వచ్చిన కుటుంబాలు, కాలువ కింది కొత్త కాపులు, పాత ఊళ్ల జనం అందరూ ఆ దుకాణానికి వచ్చినవాళ్లే. క్యాంపు పెళ్లికి జిక్కి, లీల పాటలు కావాలి. ముస్లింల పెళ్లికి అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ ఖవ్వాలీ, షకీలా బానో భోపాలీ ఖవ్వాలీ కావాలి. మరాఠీ గుడిసెల దగ్గర సులోచనా చవాన్ లావణి లేకుంటే కిరాయి కూడా ఇవ్వరు. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి సుప్రభాతం పొద్దున దుకాణం తెరవడానికి. ఈ సంకలనానికి సంపాదకుడు తాత కాదు, కాలువ.

ఈ నూట నలభైలో బతుకమ్మ పాట ఒక్కటీ లేదు. పది అంగుళాల 78 రికార్డులో ఒక పక్కకు పట్టేది మూడు నిమిషాలకు కాస్త అటూఇటూ. చుట్టూ తిరుగుతూ, ఒకరందుకుంటే అందరూ ఒప్పుకుంటూ, పొద్దు గూకేదాకా సాగే పాటకు ఆ మూడు నిమిషాల్లో చోటేదీ? అంతకంటే పెద్ద కారణం, దాన్ని కిరాయికి తెచ్చుకునే అవసరం ఎవరికీ లేదు. ఆడవాళ్లు తామే పాడుకునేది మైకులోకి రాలేదు. మైకులో వచ్చింది ఆడవాళ్లు ఎంచుకున్నది కాదు. ఊరంతా ఆడగొంతులే మోగుతుంటే ఏ పాట పెట్టాలో చెప్పింది మాత్రం పెళ్లిపెద్ద, పెట్టింది మా తాత.

రెండో చుట్టులో చెవికంటే ముందు కంటికి ఒకటి దొరికింది. లక్కరికార్డు మీద ఉక్కు సూది ఎక్కువగా తిరిగితే గాడి నల్లటి నిగనిగ పోయి బూడిదరంగుకు తిరుగుతుంది. కిరాయి రికార్డులకు ఆ బూడిదరంగు ఒకవైపే ఉంది. జనం అడిగే పాట ఒకవైపు ఉంటుంది, రెండోవైపు ఎవరికీ పట్టదు, అది కొత్తగానే ఉండిపోతుంది. పదకొండు రికార్డులు మాత్రం రెండువైపులా సమానంగా అరిగి ఉన్నాయి. వాటిలో బాలసరస్వతీదేవివి మూడు, జిక్కివి నాలుగు, లావణి ఒకటి, షకీలా బానోది ఒకటి. ఇంకో రెండింటిని మామ తన చిట్టాలో ఇద్దరు గాయనుల కింద రాసుకున్నాడు. ఒకదాని మీద అఖ్తరీబాయి ఫైజాబాదీ అని ఉంది, ఇంకోదాని మీద బేగం అఖ్తర్ అని.

ఒకే మనిషి. 1945లో బారిస్టరు ఇష్తియాక్ అహ్మద్ అబ్బాసీని పెళ్లి చేసుకుని పాట మానేసింది, 1949లో లక్నో రేడియోతో మళ్లీ పాటకొచ్చింది. బాయి పోయి బేగం అయింది. గొంతు రికార్డు కంపెనీకి కావాలి, పేరు మాత్రం కుటుంబ గౌరవానికి తగ్గట్టు ఉండాలి. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పుకునేది. హానోవర్‌లో రికార్డులు అచ్చుపోసేవాళ్లకు తెలియడం కోసమే చెప్పినా, అది ఆమె గొంతులో ఆమె పేరు. 1949కి వచ్చేసరికి 'మహల్'లో లతా మంగేష్కర్ పాట రికార్డు మీద మొదట వేసింది 'కామిని' అని. అది సినిమాలో పాత్ర పేరు. రికార్డు మధ్యనుండే గుండ్రటి కాగితం ఒక చిన్న పీఠిక. దాన్ని పీఠికలాగే అనుమానంగా చదవాలి.

అరిగింది అమ్మమ్మ వినడం వల్లేనని నాకెలా తెలుసు? జిక్కి రికార్డుల్లో ఒకటి 'రోజులు మారాయి' (1955)ది, వహీదా రెహమాన్ ఆడిన పాట ఉన్నది. అది పెళ్లిళ్లలో అరిగిందంటే నేను కాదనలేను, దాన్ని పదకొండులో లెక్కపెట్టడం మీద నాకు ఇప్పటికీ అనుమానమే. కానీ అఖ్తరీబాయి గజల్ రెండోవైపు ఏ పెళ్లిలో పెడతారు? చిన్నమ్మకు ఫోన్ చేశాను. ఆమె నవ్వింది.

"గియ్యన్నీ ఇప్పుడెందుకే బిడ్డా? మీ తాత క్యాంపుకు మైకు కట్టను పోయినంక పెట్టుకునేది. తలుపు దగ్గరికేసి."

"మరి చప్పుడు బయటికి రాకపోయేదా?"

"అంప్లిఫయర్ పెట్టకపోయేది. దానికి కార్ బ్యాటరీ గావాలె, పెడితే మీ తాత బ్యాటరీ చూసి పట్టుకుంటుండె. ఉత్తగ కీ ఇచ్చి, సూదికి చెవి ఆనిచ్చి కూసునేది. మేం అడిగితే ఏం లేదు, తుడుస్తున్న అనేది."

ఆ రాత్రి నేనూ యాంప్లిఫయరు ఆపి చూశాను. సూది గాడిలో కదులుతుంటే ఆ కదలికే సన్నగా పాడుతుంది. జానెడు దూరంలో ఉంటే వినబడుతుంది, గది దాటదు. దోమ గొంతులాంటి బాలసరస్వతి. బాస్ లేదు, వాయిద్యాలు దాదాపు లేవు, మాట మాత్రం ఆశ్చర్యంగా స్పష్టంగా ఉంది. ఊరికంతా వినబడేలా చెయ్యడానికి కొన్న యంత్రంతో ఆమె ఒక్కతే వినే పాట తయారుచేసుకుంది.

అమాండా వైడ్‌మన్ 2006లో వచ్చిన పుస్తకంలో కర్ణాటక సంగీతంలో గ్రామఫోను, మర్యాదస్థురాలైన గాయని రూపం కలిసి ఎలా తయారయ్యాయో చర్చిస్తుంది. ఆ పుస్తకం లేకుండా నేనీ వ్యాసం రాసేదాన్ని కాదు. అయితే గొంతు మీద ఇంతగా ఆలోచించే పరిశోధనలో విన్న స్త్రీకి ఎంత చోటుంది? పాడిన స్త్రీని వెతకడం మనకు అలవాటైంది, అది అవసరం కూడా. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ముద్దుపళని 'రాధికాసాంత్వనము'ను అచ్చువేయించకపోతే, 1947లో నిషేధం తొలగకపోతే, 1991లో సూసీ తారు, కె. లలిత సంకలనం ఆ కథను మళ్లీ ముందుకు తేకపోతే, మన పాఠాలు ఇప్పటికంటే బీదగా ఉండేవి. వాళ్లు దొరికింది అచ్చు ఉండబట్టి. విన్నవాళ్లు ఏం రాసిపెట్టి పోతారు? మా అమ్మమ్మ సంతకం చెయ్యడానికి కూడబలుక్కునేది. ఆమె రాసిన ఏకైక పాఠం ఆ బూడిదరంగు గాడి.

మూడో చుట్టు నడుస్తుండగా కొనే ఆయన హైదరాబాదు నుంచి వచ్చాడు. మర్యాదస్థుడు, రికార్డుల సంగతి నాకంటే వందరెట్లు తెలిసినవాడు. భూతద్దంతో ఒక్కొక్కటీ వెలుగుకు పట్టుకుని చూశాడు. నిగనిగలాడే వాటికి ధర కట్టాడు. పదకొండింటినీ పక్కకు తోసి, "ఇవి పోయినవమ్మా, పైసకు పనికిరావు" అన్నాడు. సేకర్తల లెక్కలో వినని రికార్డుకే విలువ. వాల్టర్ బెంజమిన్ తన పుస్తకాల పెట్టెలు విప్పుతూ 1931లో రాసిన వ్యాసంలో వస్తువుతో మనిషికుండే అతి దగ్గరి సంబంధం సొంతం చేసుకోవడమేనన్నట్టు మాట్లాడతాడు. నాకు ఆ వ్యాసం ఇష్టం, తరగతిలో చెప్పాను కూడా. అమ్మమ్మకు వీటిలో ఒక్కటీ సొంతం కాదు.

మామతో గొడవైంది. "నీకు కావాలంటే పనికిరానివి తీస్కపో" అన్నాడు. తీసుకున్నాను. మిగతావి కూడా రెండేళ్లు నా దగ్గరే ఉండనివ్వమని బతిమాలాను. తాత రికార్డులు కొడుక్కి చెందుతాయని మామ అనుకోవడం, నేను దానికి ఎదురు చెప్పకపోవడం కూడా ఇక్కడ రాయాలి. అమ్మ, చిన్నమ్మ వాటా అడగలేదు. నేను అడిగించలేదు.

ఐదో చుట్టు చివర, 2025 అక్టోబరులో, బాలసరస్వతీదేవి పోయారన్న వార్త వచ్చింది. చిన్నప్పుడే గ్రామఫోనుకు పాడి, 1936లో 'సతీ అనసూయ'లో బాలనటిగా కనిపించి, తెలుగు నేపథ్యగానానికీ రేడియో లలిత సంగీతానికీ మొదటి పేర్లలో ఒకరిగా చెప్పుకునే ఆమె 1944లో కోలంక జమీందారును పెళ్లాడి క్రమంగా సినిమాకు దూరమయ్యారు. సంతాప వ్యాసాలన్నీ ఆ గొంతులో తీయదనం గురించి రాశాయి. తీయదనం కాదనను. కానీ సూదికి చెవి ఆనించి విన్నప్పుడు నాకు పట్టింది ఆమె ఊపిరి తీసుకునే చోట్లు. పాదం చివర అక్షరాన్ని పూర్తిగా వదిలేశాకే గాలి పీల్చుకుంటారు, ఎవరినీ తొందరపెట్టరు. హారన్‌లో వచ్చినప్పుడు, పెళ్లి పందిట్లో, ఇది వినబడే అవకాశమే లేదు. అమ్మమ్మ వినే ఉంటుందని నేననను. అలా అంటే మళ్లీ ఆమె చెవిలో నా డాక్టరేటు దూర్చినట్టే.

చక్కెర ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు భాగస్వామ్యానికి పోయింది, 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. అమ్మమ్మ దానికి ముందే, 2009లో పోయింది. మొన్న చిన్నమ్మ నిజామాబాదులో మా ఇంటికొచ్చింది. వరుసలో ఆ వారం ఏడింటిలో లావణి ఉంది. పెట్టమంటావా అంటే తల ఊపి, నేను యాంప్లిఫయరు మీటకు చెయ్యి చాపుతుంటే ఆపింది. కుర్చీ వదిలి కింద కూర్చుని, ప్లేయరు పక్కన తల వాల్చి, నాక్కూడా ఇటు రమ్మని చేత్తో సైగ చేసింది. రెండు తలలకు చోటు సరిపోలేదు. ఆమె ఒకవైపు విన్నది, నేను రికార్డు తిరగేసి రెండోవైపు విన్నాను.