నలుగురిలో తేలే పిలుపు

దేవుడు నన్ను ఎందుకు పుట్టించాడు అన్న ప్రశ్నతో సతమతమయ్యే స్త్రీకి ఇప్పుడు ఫీజు తీసుకుని తోడు కూర్చునే మనిషి దొరుకుతోంది. ఆమెను క్రిస్టియన్ లైఫ్ కోచ్ అంటున్నారు. జూమ్‌లో వారానికోసారి మాట్లాడుకుంటారు, వాక్యం చదువుకుంటారు, ప్రార్థన చేసుకుంటారు, వచ్చే వారంలోగా చేయవలసిన పని ఒకటి రాసుకుంటారు. ఈ వృత్తికి పుట్టిల్లు అమెరికా. 1990లలో అక్కడ కోచింగ్ ఒక వృత్తిగా నిలదొక్కుకుంది. అంతర్జాతీయ కోచ్‌ల సమాఖ్య 1995లో ఏర్పడింది. 2002లో కాలిఫోర్నియా పాస్టర్ రిక్ వారెన్ ‘ది పర్పస్ డ్రివెన్ లైఫ్’ అనే పుస్తకం రాసి, జీవితోద్దేశం గురించి 40 రోజుల పాటు రోజుకో అధ్యాయం చదవమన్నాడు. అది కోట్ల ప్రతులు అమ్ముడుపోయింది. ఆ రెండు పాయలూ కలిసిన చోట పెరిగిన పని ఇది. ఈ పని మీద నాకు గౌరవం ఉంది. ఒక స్త్రీ ఎదుట కూర్చుని, సలహా చెప్పాలన్న తొందరను ఆపుకుని, ఆమె మాట పూర్తయ్యేదాకా వినడం చాలా కష్టమైన విద్య. కానీ దీని వెనుక బలంగా నాటుకున్న ఒక ఊహ ఉంది: ప్రతి స్త్రీలోనూ ఆమె ఒక్కదానికోసమే రాసిపెట్టిన ఉద్దేశం దాగి ఉంటుందని, సరైన ప్రశ్నలతో తవ్వితే అది బయటపడుతుందని. బైబిల్లో పిలుపు అలా దొరికిన దాఖలాలు తక్కువ. అక్కడ అది చాలాసార్లు బయటినుంచి వస్తుంది, ఇంకొకరి నోట వస్తుంది, ఇంకొకరి కష్టంలో కనిపిస్తుంది. నలుగురి మధ్యే అది నిజమో కాదో తేలుతుంది. కోచ్ చేయదగిన మంచి పని ఆమెను ఆ నలుగురి దగ్గరకు చేర్చడమేనని నేను నమ్ముతున్నాను.

జనవరి ఒకటిన తెలుగు క్రైస్తవ ఇళ్లకు వచ్చే వాగ్దానపు కార్డుల్లో, గోడ క్యాలెండర్లలో యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం తరచూ కనిపిస్తుంది. కోచింగ్‌లోనూ పదేపదే ఎత్తే వాక్యం అదే. దేవుడు మన మేలే తలపోస్తున్నాడన్న భరోసా అందులో నిజంగానే ఉంది, దాన్ని ఎవరి చేతిలోంచీ లాగేసుకోవలసిన పని లేదు. అయితే అది ఒక ఉత్తరంలోని మాట. యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా తీసుకుపోయిన జనానికి, అందరికీ కలిపి, ప్రవక్త రాసిన ఉత్తరం. అంతకు ముందు అధ్యాయంలో హనన్యా అనే మరో ప్రవక్త రెండేళ్లలో అంతా చక్కబడుతుందని దేవాలయంలో అందరి ముందూ ప్రకటించాడు. యిర్మీయా 70 ఏళ్లన్నాడు. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది మళ్లీ సొంత ఊరు చూడరు. ఇళ్లు కట్టుకోమని, తోటలు వేసుకోమని, పిల్లలకు పెళ్లిళ్లు చేయమని, తమను చెరపట్టిన పట్టణం క్షేమం కోసమే ప్రార్థించమని ఆయన వాళ్లకు చెప్పాడు. ఆ భరోసా ఈ పనులన్నీ చెప్పాక వచ్చింది. ఇన్ని వారాల్లో నీ ఉద్దేశం తేలుతుందని ఒక స్త్రీకి మాటిస్తే, తేలనప్పుడు తన విశ్వాసమే తక్కువైందని ఆమె కుంగిపోతే, యిర్మీయా పేరు మీద ఆమెకు హనన్యా మాట వినిపించినట్టే.

స్త్రీల సభల్లో అంతే తరచుగా వినిపించే మరో పేరు ఎస్తేరు. ఇలాంటి సమయం కోసమే నువ్వు రాణివయ్యావేమో అని ఆమెను పెంచిన మొర్దెకై అన్న మాటను ప్రతి స్త్రీకీ వ్యక్తిగత సందేశంగా చెబుతారు. ఆ మాట ఉన్న అధ్యాయం మొత్తం చదివితే ఎస్తేరు తన లోపలికి చూసుకుని దేన్నీ కనిపెట్టలేదని తెలుస్తుంది. తన జనాన్ని చంపమని ఆజ్ఞ వెలువడిన సంగతి ఆమెకు హతాకు అనే సేవకుడు తెచ్చిన కబురు. ఆమె మొదటి జవాబు భయం: పిలవకుండా రాజు దగ్గరకు వెళితే మరణమే, తనను పిలిచి 30 రోజులైంది. మొర్దెకై గట్టిగా నిలదీశాకే ఆమె కదిలింది. కదిలినప్పుడు కూడా ఒక్కతే వెళ్లలేదు. షూషనులోని యూదులందరినీ మూడు రోజులు తన కోసం ఉపవాసం ఉండమంది, తన దాసీలతో తానూ ఉంది. ఒక కబురు, ఒక భయం, ఒక మందలింపు, ఊళ్లోని యూదులంతా కలిసి చేసిన ఉపవాసం: ఆమె పిలుపు ఇన్నింటి మీద నిలబడింది.

ఇక్కడ నాకు ఎదురయ్యే అభ్యంతరం బరువైనది. ఇతరుల అవసరమే నీ పిలుపు అని స్త్రీలకు తరతరాలుగా చెబుతూనే ఉన్నారు కదా? భర్త అవసరం, అత్తమామల అవసరం, పిల్లల అవసరం, సంఘంలో వంటల దగ్గర అవసరం. సామెతల గ్రంథం 31వ అధ్యాయంలోని గుణవతిని చూపించి, తెల్లవారకముందే లేవలేదని వింటున్న స్త్రీనే తప్పుపట్టే ప్రసంగాలు తక్కువా? కోచ్ ఎదుట కూర్చున్న ఆ కాసేపే ఆమెను ‘నీకేం కావాలి’ అని అడిగే ఏకైక సమయమైతే, దాన్ని కూడా తీసుకుపోయి నలుగురిలో కలిపేస్తే ఆమెకు మిగిలేదేమిటి? ఈ మాటలో చాలా నిజం ఉంది. నేను చెబుతున్న నలుగురూ ఆమె చేత పని చేయించుకునేవాళ్లు కారు, ఆమె మాట వినేవాళ్లు. బైబిల్లోనే ఇందుకు ఎంతో అందమైన ఉదాహరణ ఉంది, దురదృష్టవశాత్తు దాని మీద ప్రసంగం చాలా అరుదు. సంఖ్యాకాండము 27వ అధ్యాయంలో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా, ప్రత్యక్షపు గుడారం ద్వారం దగ్గర మోషే ముందు, యాజకుడి ముందు, సర్వసమాజం ముందు నిలబడ్డారు. కొడుకులు లేరన్న కారణంతో మా తండ్రి పేరు ఎందుకు పోవాలి, మా భాగం మాకివ్వండి అన్నారు. మోషే ఆ సంగతి దేవుడి దగ్గరకు తీసుకెళ్లాడు. వాళ్ల మాట న్యాయమని జవాబొచ్చింది, ఆస్తి చట్టమే మారింది. వాళ్లు ఎవరికీ ఊడిగం చేయలేదు, తమకు రావలసింది అడిగారు. అడిగింది మాత్రం కలిసి, అందరి ఎదుట. తన కోసం నోరు విప్పడమూ నలుగురిలో నిలబడడమూ ఒకదానికొకటి శత్రువులు కావని ఆ ఐదుగురు అక్కచెల్లెళ్లను చూస్తే తెలుస్తుంది.

పైగా, ఉద్దేశం లోపలే దాగి ఉందనుకుంటే అడ్డంకి కూడా లోపలే ఉందనుకోవలసి వస్తుంది. ఇంజనీరింగ్ చదివి, పెళ్లయ్యాక భర్త మీద ఆధారపడే హెచ్-4 వీసాతో అమెరికా వెళ్లిన తెలుగు స్త్రీని తీసుకోండి. భర్త గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే ఐ-140 దరఖాస్తు ఆమోదం పొందితే పని అనుమతి తెచ్చుకునే వీలు 2015లో గానీ రాలేదు. ఆ ఆమోదం రాని ఇళ్లలో ఆమె చదువు ఇప్పటికీ అటకమీదే ఉంటుంది. ఆమెకు కలిగే శూన్యం విశ్వాసలోపం కాదు, వీసా నిబంధన. సంఘంలోపలా అంతే. దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడింది. అందులో ఒక స్త్రీ బిషప్ కావడానికి 2013 దాకా పట్టింది; ఆ మొదటి మహిళా బిషప్ పుష్పలలిత బాధ్యత చేపట్టింది మన నంద్యాల డయాసిస్‌లోనే. అంతకు ముందు తరాల స్త్రీలకు పిలుపు వినబడలేదని ఎవరనగలరు? తలుపు తెరవవలసినవాళ్లు తెరవలేదు. ‘నిన్ను ఆపుతున్నదేమిటి’ అని కోచ్ అడిగినప్పుడు, జవాబుగా చట్టాన్నీ జీతాన్నీ అత్తింటినీ సంఘపు నిబంధననూ చెప్పే చోటు కూడా ఉండాలి.

మన సంఘాల్లో పాస్టరుగారున్నారు, పాస్టరమ్మగారున్నారు, స్త్రీల సమాజం ఉంది, ఉపవాస ప్రార్థనలున్నాయి, ఇంకా కోచ్ ఎందుకు అని అడిగేవాళ్లకు నా జవాబు వేరు. అవన్నీ చెప్పడానికి అలవాటు పడిన చోట్లు. అక్కడ ఒక స్త్రీ కష్టం ప్రార్థనాంశంగా మారి, సాయంత్రానికి పదిళ్లలో తెలిసిపోయే ప్రమాదం ఉంది. భర్త సంగతులు పురుషుడైన పాస్టరు ముందు చెప్పుకోలేని స్త్రీలు ఎందరో. గుట్టు కాపాడుతూ, ప్రశ్నలు మాత్రమే అడిగే మనుషులు మన సంఘాల్లో నిజంగా కొరవడ్డారు. ఈ విద్య క్రైస్తవానికి కొత్తది కాదు. క్వేకర్లనే క్రైస్తవ శాఖవారు 17వ శతాబ్దంలో పెళ్లి చేసుకోబోయే జంటల నిర్ణయాన్ని పరీక్షించడానికి మొదలుపెట్టిన పద్ధతి ఒకటి తర్వాత ఉద్యోగానికీ సేవకూ కూడా విస్తరించింది. నిర్ణయం తేల్చుకోవలసిన మనిషి తనకు నమ్మకమున్న ఐదారుగురిని పిలుచుకుంటుంది. వాళ్లు సలహా ఇవ్వకూడదు, తమ కథలు చెప్పకూడదు, తమకు జవాబు తెలియని ప్రశ్నలు మాత్రమే అడగాలి, విన్నది బయట మాట్లాడకూడదు. కోచింగ్‌లో ఉన్న మేలంతా ఇందులో ఉంది, ఒంటరితనం మాత్రం లేదు. చుట్టూ ఐదుగురు ఉన్నప్పుడు ఒక్కరి ఇష్టానిష్టాలే దైవచిత్తంగా చెలామణీ కావడం కష్టం.

ఒక్కరే ఉన్నప్పుడు ఆ ప్రమాదం చిన్నది కాదు. లైఫ్ కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. అంతర్జాతీయ సమాఖ్య ఇచ్చే మొదటి అంచె గుర్తింపుకు 60 గంటల శిక్షణ, 100 గంటల అనుభవం కావాలి గానీ, ఆ గుర్తింపు తెచ్చుకోవడం ఎవరికి వారి ఇష్టం. కాబట్టి మొదటి రోజే అడగవలసినవి ఉన్నాయి: శిక్షణ ఎక్కడ, చెప్పింది ఎవరితోనైనా పంచుకుంటారా, ఫీజు ఎంత, ఎన్ని వారాలు. నెలల తరబడి నిద్ర పట్టని స్త్రీకి, బతకాలనిపించని స్త్రీకి జీవితోద్దేశపు పాఠం పెట్టకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలీమానస్ నంబరు 14416 చేతిలో పెట్టాలి, డాక్టరు దగ్గరకు పంపాలి. ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీతో సహనంలో దేవుడి ఉద్దేశం వెతికించడం పాపం. ఆమెకు 181 హెల్ప్‌లైను కావాలి, 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు కావాలి. ఈ రెండూ తెలియని కోచ్ దగ్గర, ఎంత వాక్యజ్ఞానం ఉన్నా, ఫీజు కట్టవద్దని చెబుతాను. తెలిసిన కోచ్‌ను మాత్రం ఒకటి కోరతాను. ముగింపు వారాల్లో ఒక సమావేశానికి ఆ స్త్రీ తాను ఎంచుకున్న ముగ్గురు నలుగురిని తీసుకురావాలి: తనతో పనిచేసే టీచరు కావచ్చు, చిన్నప్పటి స్నేహితురాలు కావచ్చు, సంఘంలో నోరు జారని పెద్దావిడ కావచ్చు. వాళ్లు ప్రశ్నలడగాలి, ఆమె జవాబు చెప్పాలి. ఎవరైనా సలహా మొదలుపెడితే మెల్లగా ఆపడం ఆ రోజు కోచ్ చేయవలసిన పని. ఆ తర్వాత నెలకోసారి వాళ్లే కలుసుకోవచ్చు, ఫీజు లేకుండా.