ముందుమాట: అంకెకు అర్థం తోడుండాలి

ఈ పుస్తక రచయిత్రి సంగారెడ్డిలో డిగ్రీ చదివే రోజుల్లో నా దగ్గర వృక్షశాస్త్రం నేర్చుకుంది. ఆ తర్వాత పరిశోధనశాలల్లో పుట్టే డేటాను భద్రపరిచి, పదిమందికీ పనికొచ్చేలా తీర్చిదిద్దడాన్ని వృత్తిగా ఎంచుకుంది. ఆ అనుభవమంతా తెలుగులో పుస్తకంగా రాసి, ముందు నాలుగు మాటలు మీరే రాయాలని అడిగింది. శిష్యురాలు తనకంటే లోతుగా తెలిసిన సంగతి చెబుతుంటే కూర్చుని వినడం గురువుకు దక్కే గొప్ప భాగ్యం. ఆ సంతోషంతోనే ఈ మాటలు రాస్తున్నాను.

జీవశాస్త్ర, వైద్య పరిశోధనల్లో వచ్చే డేటాను ఒకచోటిది మరోచోటి దానితో కలిపి చదవగలిగేలా చేసే ఆంటాలజీలు ఈ పుస్తకానికి వస్తువు. వినగానే ఇది కంప్యూటరు చదువులు చదివినవాళ్ల వ్యవహారమని చాలామంది అనుకుంటారు. పొలంలో తెగులుకు మార్కులు వేసే క్షేత్ర సహాయకుడికి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష రాసే ల్యాబ్ టెక్నీషియనుకు, వాగు నీళ్లు సీసాలో పట్టే విద్యార్థికి కూడా ఇది తమ పనేనని పుస్తకం చదివాక తెలుస్తుంది.

సమస్య ఎంత మామూలుగా మొదలవుతుందో రచయిత్రి ఒక ఉదాహరణతో చూపింది. వేరుశనగలో తిక్క ఆకుమచ్చ తెగులు తీవ్రతను 1 నుంచి 9 వరకు మార్కులతో కొలిచే పద్ధతి ఉంది. 1 అంటే తెగులు లేదని, 9 అంటే ఆకులు దాదాపు అన్నీ పాడై రాలిపోయాయని అర్థం. మరోచోట ఇదే తెగులును 1 నుంచి 5 వరకు కొలుస్తారు. రెండు చోట్ల రిజిస్టరులోనూ '5' అనే ఉంటుంది. మొదటిచోట అది మధ్యరకం తెగులు, రెండోచోట పైరు పోయినట్టే. ఆ రెండు పట్టికలను అలాగే కలిపితే లెక్క తప్పుతుంది, తప్పిన సంగతి ఎవరికీ తెలియదు. వెనకటికి ఒక్కో సంతలో ఒక్కో సేరు ఉండేది, ఈ ఊరి మానెడు ఆ ఊరి మానెడు కాదు. 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చి దేశమంతటికీ ఒకే ప్రమాణం పెట్టింది. సరుకు విషయంలో దేశం ఆనాడు చేసిన పనిని శాస్త్ర పరిశోధనలో ఇవాళ ఆంటాలజీలు చేస్తున్నాయి.

ఆంటాలజీ అంటే ఏమిటో మొదటి అధ్యాయం తేటగా చెబుతుంది. ఒక రంగంలో వాడే భావనలను ఏరి, ఒక్కోదానికి నిర్వచనం రాసి, మారని గుర్తింపు సంఖ్య ఇచ్చి, వాటి మధ్య సంబంధాలను కంప్యూటరు కూడా గ్రహించేలా నమోదు చేసిన ఒప్పందపత్రం అది. నిఘంటువులో ఉండనివీ ఇందులో ఉండేవీ ఆ సంబంధాలే. ఇనుము లోపంతో వచ్చే రక్తహీనత రక్తహీనతలో ఒక రకమని ఒక్కసారి నమోదైతే చాలు. రక్తహీనత ఉన్నవాళ్లందరినీ చూపమన్నప్పుడు ఇనుము లోపమని మాత్రమే రాసి ఉన్నవాళ్లు కూడా జాబితాలోకి వస్తారు.

ఈ దారిలో పెద్ద అడుగు 1998లో పడింది. పండ్ల ఈగ, ఈస్టు, ఎలుక జన్యువుల డేటాబేసులను వేర్వేరుగా నడుపుతున్న మూడు బృందాలు కలిసి జీన్ ఆంటాలజీని మొదలుపెట్టాయి. 2000లో దాన్ని నేచర్ జెనెటిక్స్ పత్రికలో ప్రకటించాయి. జన్యువు ఉత్పత్తి చేసే పదార్థం ఏ పని చేస్తుంది, ఏ జీవప్రక్రియలో పాల్గొంటుంది, కణంలో ఎక్కడ ఉంటుంది అన్న మూడు ప్రశ్నలకు ఏ జీవి విషయంలోనైనా ఒకే మాటల్లో జవాబు రాసే వీలు దానివల్ల కలిగింది. ఈగలో ఒక జన్యువు గురించి తెలిసింది మనిషి జబ్బును అర్థం చేసుకోవడానికి పనికొచ్చింది. మన పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నాయకత్వంలో 'ఆశ' రకం కంది జన్యుక్రమం 2011 చివర్లో వెలువడింది. అందులో అంచనా వేసిన 48,680 జన్యువుల పనులను వివరించడానికి కూడా ఇలాంటి ఉమ్మడి పదజాలమే ఆధారం.

పుస్తకానికి గుండెకాయ వంటిది ఇక్రిశాట్ మీద రాసిన అధ్యాయం. 1972లో ఏర్పడిన ఆ సంస్థ జన్యు బ్యాంకులో 144 దేశాల నుంచి సేకరించిన 1,20,000కు పైగా విత్తన నమూనాలు ఉన్నాయి. ఆ నమూనాలను దశాబ్దాలుగా రకరకాల దేశాల్లో, రకరకాల చేతులు కొలిచాయి. ఆ కొలతలు కలవాలంటే ఏం చేయాలన్న ప్రశ్నకు 2008లో జెనరేషన్ ఛాలెంజ్ ప్రోగ్రాం అనే అంతర్జాతీయ పంటల పరిశోధన కార్యక్రమం మొదలుపెట్టిన క్రాప్ ఆంటాలజీ ఒక జవాబు. తొలి విడతలో చేరిన పంటల్లో శనగ ఒకటి. కంది, వేరుశనగ, జొన్న, సజ్జలకు కూడా ఇక్రిశాట్ శాస్త్రవేత్తల పూనికతో లక్షణాల నిఘంటువులు తయారయ్యాయి.

క్రాప్ ఆంటాలజీ పెట్టిన నియమం చెప్పడానికి చిన్నదే. కొలిచిన ప్రతి అంకెతోపాటు మూడు సంగతులు ఉండాలి: ఏ లక్షణం, ఏ పద్ధతి, ఏ కొలమానం. కందిలో 50 శాతం పూతకు పట్టిన రోజులు అని రాస్తే సరిపోదు. విత్తిన రోజు నుంచి లెక్కపెట్టారా, మొలక వచ్చిన రోజు నుంచా అన్నది పద్ధతిలో తేలాలి. ఈ మూడూ కలిస్తేనే ఒక చరరాశి అవుతుంది, దానికి ఒక గుర్తింపు సంఖ్య దక్కుతుంది. రచయిత్రి ఈ నియమాన్ని పొలంగట్టు మీది నుంచి ఆసుపత్రి ల్యాబు దాకా తీసుకెళ్లిన తీరు నన్ను బాగా ఆకట్టుకుంది.

ఆ ప్రయాణం సజ్జ గింజలోని ఇనుముతో మొదలవుతుంది. ఇక్రిశాట్ భాగస్వామ్యంతో రూపొందిన 'ధనశక్తి' సజ్జ రకం 2012లో మహారాష్ట్రలో విడుదలైంది. అందులో కిలో గింజకు సుమారు 71 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. ఈ ఇనుమును ఐసీపీ పద్ధతిలో కొలవవచ్చు, ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రంతోనూ కొలవవచ్చు. ఏది వాడారో అంకెతోపాటే రాయాలి. ఇనుము ఎక్కువున్న సజ్జ రొట్టెలు తిన్న మహారాష్ట్ర పాఠశాల పిల్లల రక్తంలో, ఒంట్లోని ఇనుము నిల్వలను సూచించే ఫెరిటిన్ మెరుగుపడిందని 2015లో వచ్చిన అధ్యయనం చూపింది. గింజలోని ఇనుము వ్యవసాయ డేటా, రక్తంలోని ఫెరిటిన్ వైద్య డేటా. ఈ రెండింటికీ మధ్య గోడ ఉంటే ఆ పంట వల్ల ఆ బిడ్డకు ఏం ఒరిగిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

రక్తహీనత లెక్కల మీద రాసిన పేజీలను ఆరోగ్య శాఖలో పనిచేసే ప్రతి ఒక్కరూ చదవాలి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 6 నుంచి 59 నెలల పిల్లల్లో 58.6 శాతం మందికి రక్తహీనత ఉందని చెప్పింది. 2016–18 సమగ్ర జాతీయ పోషకాహార సర్వే 1 నుంచి 4 ఏళ్ల పిల్లల్లో అది 41 శాతమని చెప్పింది. మొదటిది వేలికొన గుచ్చి తీసిన చుక్క రక్తాన్ని చేతిలో ఇమిడే పరికరంతో కొలిచింది. రెండోది సిర నుంచి తీసిన రక్తాన్ని ప్రయోగశాలలో పరీక్షించింది. వయసుల హద్దులూ కొంత వేరు. పద్ధతిని పక్కన పెట్టి రెండు అంకెలనే చూసినవాడు రెండేళ్లలో దేశం అద్భుతం సాధించిందని పొంగిపోతాడు, లేదా ఎవరో అబద్ధమాడారని ఆగ్రహిస్తాడు. రెండూ పొరపాటే. రక్తం తీసిన తీరును బట్టి, పరికరాన్ని బట్టి ఫలితం ఎంత మారుతుందో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కూడా పరిశోధించారు. మన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందన్న 2019–21 సర్వే అంకెను కూడా ఈ ఎరుకతోనే చదవాలి.

పరిష్కారానికి కావలసిన సాధనాలు ఇప్పటికే ఉన్నాయి. ల్యాబ్ పరీక్షలకు సంకేతాలిచ్చే లాయింక్ వ్యవస్థ సిర రక్తానికి, వేలికొన నుంచి తీసే కేశనాళిక రక్తానికి వేర్వేరు సంకేతాలు ఇచ్చింది. రోగి లక్షణాలను వర్ణించే హ్యూమన్ ఫినోటైప్ ఆంటాలజీలో రక్తహీనతకు హెచ్‌పీ:0001903 అనే స్థిరమైన సంఖ్య ఉంది. వైద్య పదజాలమైన స్నోమెడ్ సీటీలో భారతదేశం 2014లోనే సభ్యత్వం తీసుకుంది కాబట్టి మన ఆసుపత్రులు దాన్ని రుసుము లేకుండా వాడుకోవచ్చు. వాడే అలవాటే ఇంకా వేళ్లూనుకోవాలి.

ఇక పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతపు నీళ్ల గురించిన అధ్యాయం. ఈ జిల్లావాణ్ణి కనుక దాన్ని బరువెక్కిన మనసుతో చదివాను. స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధన ఇక్కడి మందుల పరిశ్రమలను ప్రపంచం దృష్టికి తెచ్చింది. సుమారు 90 మందుల తయారీ సంస్థల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని ఆ పరిశోధన తేల్చింది. కొన్ని రకాల బ్యాక్టీరియాకు విషమయ్యే మోతాదుకు అది వెయ్యి రెట్లకు మించినది. 2014లో వెలువడిన మరో పరిశోధన ఇదే ప్రాంతంలోని కాజీపల్లి చెరువు అవక్షేపంలో యాంటీబయాటిక్‌లను తట్టుకునే జన్యువులు 81 రకాలు గుర్తించింది.

ఈ జన్యువులు చెరువులోనే ఉండిపోతాయన్న భరోసా ఏమీ లేదు. అవి ఒక బ్యాక్టీరియా నుంచి మరో బ్యాక్టీరియాకు చేరగలవు. రేపు ఒక ఆసుపత్రిలో మందుకు లొంగని ఇన్‌ఫెక్షన్ కనిపిస్తే, దానిలోని జన్యువూ చెరువులో దొరికిన జన్యువూ ఒకటేనా అని పోల్చి చూడాలి. ఒకే జన్యువుకు వేర్వేరు పరిశోధనల్లో వేర్వేరు పేర్లుంటే ఆ పోలిక సాగదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో నడిచే కార్డ్ డేటాబేసుకు ఆధారమైన యాంటీబయాటిక్ రెసిస్టెన్స్ ఆంటాలజీ ప్రతి జన్యువుకూ ఒక స్థిర సంఖ్య ఇస్తుంది. అది ఏ కుటుంబానికి చెందింది, మందును ఏ విధంగా నిర్వీర్యం చేస్తుంది, ఏ తరగతి మందులు దాని ముందు ఓడిపోతాయి అన్న సంబంధాలు కూడా చెబుతుంది. నమూనా ఎక్కడిదో చెప్పడానికి ఎన్విరాన్‌మెంట్ ఆంటాలజీ ఉంది. నది నీరు, చెరువు అడుగు మట్టి, శుద్ధి కేంద్రం నుంచి వచ్చిన నీరు అక్కడ వేర్వేరు భావనలు. 'నీళ్లు, పటాన్‌చెరు' అని మాత్రమే రాసి పంపిన నమూనా పదేళ్ల తర్వాత ఎవరికీ అక్కరకు రాదు.

పుస్తకం సాంతం చదివాక నాలో బలపడిన నమ్మకం ఒకటి చెబుతాను. డేటాకు అర్థం తోడుచేసి దాచడం పరిశోధకుడి రుణవిమోచనం. పసిబిడ్డ వేలు గుచ్చనిచ్చిన తల్లికి, బావి నీళ్లు తోడి ఇచ్చిన రైతుకు, ఎండలో నిలబడి మొక్కలు లెక్కపెట్టిన కూలి మనిషికి శాస్త్రం రుణపడి ఉంది. ఒక వ్యాసం అచ్చయి, ఒక డిగ్రీ చేతికొచ్చి, ఆ లెక్కలు ఎవరికీ అర్థంకాని ఫైలులో మిగిలిపోతే ఆ రుణం తీరనట్టే. మళ్లీ ఇంకో బృందం వచ్చి అదే బిడ్డ వేలు గుచ్చుతుంది. పటాన్‌చెరు ప్రాంతంలోని నక్కవాగు వెంట ఉన్న ఊళ్లను ఎన్నో సంస్థలు ఎన్నోసార్లు పరిశీలించాయి. ఆ నీటి లెక్కలు, మట్టి లెక్కలు, జబ్బుల లెక్కలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదవగలిగిన నాడే, ఈ నీళ్లు తమ ఆరోగ్యాన్ని ఏం చేశాయని ఆ ఊళ్లవాళ్లు అడుగుతున్న ప్రశ్నకు నిజాయితీగల జవాబు దొరుకుతుంది.

రచయిత్రి ఆంటాలజీని సర్వరోగ నివారిణిగా చూపకపోవడం నాకు నచ్చింది. తప్పుగా కొలిచిన అంకెను ఏ ఆంటాలజీ సరిచేయలేదని స్పష్టంగా రాసింది. డేటా కలపడం సులువయ్యేకొద్దీ మనిషి ఆరోగ్య రహస్యాలు బయటపడే ప్రమాదం కూడా పెరుగుతుందని హెచ్చరించి, 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని ప్రస్తావించింది. కొత్త విషయం తెలిసినప్పుడు పాత భావనను చెరిపేయకుండా, కాలం చెల్లినదని గుర్తుపెట్టి, దాని సంఖ్యను మరో భావనకు ఇవ్వకుండా కాపాడే జీన్ ఆంటాలజీ పద్ధతిని వివరించిన భాగం చక్కగా వచ్చింది. ఈ నిర్వచనాలు రాసి, సరిచూసి, తాజాగా ఉంచే క్యూరేటర్ల శ్రమకు వ్యాసాల్లో పేరు దక్కదన్న ఆమె ఆవేదన న్యాయమైనది. విశ్వవిద్యాలయాలు, నిధులిచ్చే సంస్థలు దీన్ని పట్టించుకోవాలి.

మలి ముద్రణకు ఒక సూచన చేస్తాను. ఆశా కార్యకర్తలకు మన పల్లె జనం తమ బాధలను చెప్పుకునే మాటలను ఈ ఆంటాలజీల్లోని భావనలతో ఎలా ముడిపెట్టాలో ఒక అధ్యాయం రాయాలి. ఆ పనికి భాష, వైద్యం, ఊరు మూడూ తెలిసిన మనిషి కావాలి. ఆ మూడూ ఈమెకు తెలుసు.

కంది గ్రామంలోని ఐఐటీ హైదరాబాదులో చదివే పిల్లలు, మన జిల్లా ఫార్మసీ, డిగ్రీ కళాశాలల అధ్యాపకులు, మందుల పరిశ్రమల నాణ్యతా విభాగాల్లో పనిచేసేవాళ్లు ఈ పుస్తకం తెప్పించుకుని చదవాలని నా కోరిక. చదివి పక్కన పెట్టకుండా, రేపు ఉదయం రాయబోయే మొదటి అంకె పక్కనే దాని లక్షణం, పద్ధతి, కొలమానం రాయడం మొదలుపెట్టాలి. ఇంత కష్టమైన శాస్త్రాన్ని తెలుగులో ఇంత తేలికగా చెప్పిన నా శిష్యురాలికి ఆయురారోగ్యాలు కలగాలని, ఆమె కలం నుంచి ఇలాంటి పుస్తకాలు మరెన్నో రావాలని మనసారా ఆశీర్వదిస్తున్నాను.

సంగారెడ్డి