తాళములు చేతికి వచ్చిన రాత్రి

పశువులకు మేత వేసి, జొన్నరొట్టె తిని, శనివారము రాత్రి ఒక్కొక్కరుగా ఆంజనేయస్వామి గుడి అరుగుమీదికి చేరిన రైతులు కందిలి వెలుతురున చాపపై కూర్చుండి, హార్మోనియము పెట్టె మూత తీయుటతో మా పాలమూరు పల్లెలో భజన మొదలగుచుండెను. బాల్యమున నేనెరిగిన సంగీతబృందము అదొక్కటే; దానిని మించినది లోకమున కలదని ఎవరు చెప్పినను నమ్మియుండెడివాడను కాను.

మన్నెంకొండ హనుమద్దాసు, వేపూరు హనుమద్దాసు, రాకమచర్ల వెంకటదాసు అను మువ్వురి కీర్తనలు లేని భజన మా సీమలో భజన కాదు. అక్షరము రానివారు సైతము వానిని చరణము పొల్లుపోకుండ పాడుచుండిరి. కంజిర మరీ బిగిసినచో నీటిబొట్లు చిలకరించుటయు, మెత్తబడినచో కందిలి సెగకు చూపుటయు నేను కన్నార్పక చూచు వేడుకలు.

ఒక ఏడు వానలు లేక, తాళములు పట్టెడి మామ గుంపు మేస్త్రీవద్ద బయానా తీసికొని, భార్యతో కూడ నాగార్జునసాగరు పనికి పోయెను. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట నల్లగొండ కొసన, కృష్ణకు అడ్డముగా, రాతిపై రాయిగా లేచుచుండెను. ఆ శనివారము పాట యున్నది, పెట్టె యున్నది, కంజిర యున్నది. కాని కట్టుకొయ్య ఊడిన ఎద్దువలె పాట ఇటునటు పోవుచుండెను. పెట్టె వాయించు తాత నడుమనే ఆపి, చిలుకకొయ్యకు వ్రేలాడుచున్న కంచు తాళములను దింపి, పదేండ్ల నా చేతిలో పెట్టెను.

“ఉర్కకుర పిలగా! పాట పక్కపొంటి నడ్వాలె, ముందటికి వోవద్దు” అనెను.

అంచు అంచును ఏటవాలుగా తాకినచో కంచు దీర్ఘముగా మ్రోగును. రెంటిని బోర్లించి అదిమినచో మ్రోత అచ్చటనే తెగును. మ్రోగించుట సులభమే; తగినచోట తెంచుట నాకు చేతగాక, మొదటి మూడు కీర్తనలు పాడుచేసితిని. త్రాడు చూపుడువ్రేలిని కోసి ఎఱ్ఱని గీత పడెను. నాలుగవ కీర్తనలో, చరణము ముగిసి పల్లవికి మరలుచోట, పదిపన్నెండు గొంతులు నా చేతి దెబ్బకై రెప్పపాటు నిలిచి, అది పడగానే ఒక్కుమ్మడి పైకెత్తుకొనెను. ఆ రెప్పపాటు నన్నింతవరకు విడువలేదు.

ఆ పెట్టె చరిత్ర పెద్దవాడనైన పిమ్మట తెలిసికొంటిని. 1842లో పారిసున అలెగ్జాండర్ డెబెన్ పేటెంటు పొందిన హార్మోనియమును, నేలపై కూర్చుండి ఒక చేత తిత్తి ఆడించుచు వాయించుటకు వీలుగా కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ మలచెను. గమకములు పలుకజాలదని ఆకాశవాణి దానిని 1940 నుండి 1971 వరకు వెలివేసెను. నేను తాళము పట్టిన నాడు సైతము ఆ వెలి అమలులోనే యుండెను. పండితుల మాట సత్యమే. స్వరమునుండి స్వరమునకు జారుట ఆ మెట్లకు రాదు. అయినను సంగీత గురువు కాలుమోపని పల్లెలో, శ్రుతి యననేమో అందరి చెవులకు ఒక్కసారి తెలిపినది ఆ పెట్టెయే గదా! దానిని చులుకన చేసి మాటాడినచో నాకు నేటికిని మనసు నొచ్చును.

పట్టణములయందు కచేరీలెన్నో వింటిని. అవుసలికుంట దర్శనం మొగులయ్య 12 మెట్ల కిన్నెరపై పండుగ సాయన్న కథను పాడుటయు వింటిని. ఎచ్చట విన్నను రాగముకంటె ముందు నా కుడిచేయి మోకాలిపై తానుగా కదలును. పాట మలుపు తిరుగుచోట ఊపిరి బిగబట్టుదును.

మామ ఉగాదికి తిరిగివచ్చెను. రాళ్లు మోసిమోసి అరచేతులు బీటలు వారియుండెను. శనివారము గుడికి వచ్చి కూర్చున్నంతనే నేను తాళములు ఆయన ముందుంచితిని. త్రాడు సవరించి, రెండుమార్లు మెల్లగా తాకించి చెవియొగ్గి విని, వానిని మరల నా ఒడిలో పెట్టి, తాను చిడతలు తీసికొనెను.