వార్డెన్‌కు పని ఎవరు నేర్పారు?

మనలో చదువుకున్నవాళ్ళం ఏ ఇద్దరం కలిసినా రెండో మాట హాస్టల్ మాటే. ఏ హాస్టల్, ఏ బ్యాచ్, అప్పుడు వార్డెన్ ఎవరు అని అడుగుతాం. ఊరి పేరు, ఇంటిపేరు తర్వాత మనకు అదే ఆనవాలు. ట్రంకు పెట్టె, స్టీలు పళ్ళెం, నీళ్ళ చారు, గేటు దాటి వెళ్ళిపోతున్న అమ్మానాన్నల వీపులు, ఇవన్నీ మన కథల్లోకీ కవితల్లోకీ వచ్చాయి. రావాలి కూడా. కానీ అవి చదువుతున్నకొద్దీ నాకు ఒక లోటు కనబడుతోంది. మన రచనల్లో వార్డెన్లు రెండే రకాలు. ఒకడు పిల్లల బియ్యం అమ్ముకునే దొంగ. ఇంకొకరు సొంత జేబులోంచి ఫీజు కట్టిన దేవుడు. దొంగను తిడతాం, దేవుడికి దండం పెడతాం. అక్కడికి కథ అయిపోతుంది.

ఈ రెండు బొమ్మలూ అబద్ధమని నేను అనను. ఇద్దరినీ చూసినవాళ్ళమే. అయితే ఈ ఇద్దరి చాటున ఒక ప్రశ్న మరుగున పడిపోతోంది. వార్డెన్‌ది ఒక పని. నర్సు పనిలాగా, వడ్రంగం లాగా నేర్చుకుంటేనే వచ్చే పని. ఆ పని ఆయనకు ఎవరు నేర్పారు? ఎన్ని రోజులు నేర్పారు? నేర్పకుండానే వందమంది పిల్లల్ని చేతిలో పెట్టారా? ఇది అడగకుండా మనిషి మంచివాడా చెడ్డవాడా అని మాత్రమే రాస్తే తప్పంతా గుణం మీదికి పోతుంది. ఏర్పాటు మీదికి రాదు. ప్రభుత్వానికి అంతకంటే హాయి ఏముంటుంది?

ముందు ఎంపిక సంగతి చూద్దాం. తెలంగాణలో 2022 డిసెంబరులో హాస్టల్ వెల్ఫేర్ ఆఫీసర్లు, మేట్రన్లు తదితర 581 పోస్టులకు పబ్లిక్ సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్ ఇచ్చింది. పరీక్షలో జనరల్ స్టడీస్ ఒక పేపరు, విద్యాశాస్త్రం ఒక పేపరు. ఏళ్ళ తరబడి గదుల్లో కూర్చుని చదివి నెగ్గినవాళ్ళను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. వాళ్ళలో మన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఉన్నారు. కానీ అర్ధరాత్రి ఒక పిల్ల వణుకుతూ లేస్తే ముందు ఏం చేయాలి? ఇంటికి పోతానని మూడు రోజులుగా అన్నం ముట్టని పిల్లవాడి పక్కన కూర్చుని ఏం మాట్లాడాలి? ఆ హాస్టల్లో పిల్లలు మాట్లాడే గోండి, కోయ, కొలామి, సవర, కువి భాషల్లో పది మాటలైనా వచ్చా? ఈ మూడూ ఆ రెండు పేపర్లలో తేలేవి కావు. పరీక్షలో తేలకపోతే పోనీ, చేరిన తర్వాతైనా నేర్పాలి. నేను చూసినంతలో కొత్త వార్డెన్‌కు నేర్పేది రిజిస్టర్లు, బిల్లులు, హాజరు, డైట్ చార్జీల లెక్క. లెక్క రాకపోతే ఆడిట్‌లో దొరికిపోతాడు కాబట్టి అది నేర్పుతారు. పిల్ల ఏడుపుకు ఆడిట్ లేదు.

ఆశ్రమ పాఠశాలల్లో ఇది ఇంకో తీరుగా ఉంటుంది. అక్కడ వార్డెన్ పని చాలాచోట్ల టీచరు నెత్తినో హెడ్‌మాస్టరు నెత్తినో పడే అదనపు బాధ్యత. పగలు లెక్కలు చెప్పిన సారే సాయంత్రం కూరగాయలు తూచాలి, రాత్రి కాపలా ఉండాలి. రెండింటిలో ఒకటి కుంటుపడుతుంది. ఏది కుంటుపడినా నష్టపోయేది పిల్లలే.

వార్డెన్‌కు ఏం రావాలో తెలియక ఈ పరిస్థితి వచ్చిందా అంటే, అదీ కాదు. ర్యాగింగ్ నిరోధానికి 2009లో యూజీసీ తెచ్చిన నిబంధనల్లోనే ఉంది. ప్రతి హాస్టల్‌కూ పూర్తికాలపు వార్డెన్ ఉండాలి. ఆయన హాస్టల్లోనే, కాదంటే బాగా దగ్గర్లో ఉండాలి. అర్హతలు పెట్టేటప్పుడు క్రమశిక్షణ నడిపే శక్తితో పాటు, తరగతి గది బయట పిల్లలతో మాట్లాడి ధైర్యం చెప్పే నేర్పు కూడా చూడాలి. ఈ నిబంధనలు విశ్వవిద్యాలయాలకూ కాలేజీలకూ పెట్టినవే. కానీ గిరిజన సంక్షేమ శాఖ కాలేజీ హాస్టల్లో ఉండే పిల్ల కూడా ఆ కాలేజీ పిల్లే కదా? ఆ పిల్లకు మాత్రం తక్కువ నేర్పున్న వార్డెన్ చాలని ఏ లెక్కన అనుకున్నారు?

మన హాస్టళ్ళకు ఇవి చాలవు, ఇంకా కొన్ని కలపాలి. మొదటిది జబ్బు. సికిల్‌సెల్ రక్తహీనత మన తెగల్లో ఉంది. దాని నిర్మూలనకు 2023 జూలై 1న జాతీయ మిషన్ మొదలైంది. రక్తపరీక్షలు చేస్తున్నారు, కార్డులు ఇస్తున్నారు. ఆ కార్డు ఉన్న పిల్ల రాత్రి ఎముకల నొప్పి అని ఏడిస్తే అది బడి ఎగ్గొట్టే నాటకం కాదని, ఆమెకు నీళ్ళు బాగా తాగించాలని, చలిలో చన్నీళ్ళ స్నానం చేయించకూడదని, ఎండలో గ్రౌండు చుట్టూ పరిగెత్తించే శిక్ష ప్రాణం మీదికి తెస్తుందని, జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకూడదని వార్డెన్‌కు తెలియాలి. ఒక్క పూటలో నేర్పగలిగిన సంగతులివి.

రెండోది చట్టం. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్ల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటుంది. సంస్థ బాధ్యుడు చెప్పకుండా దాచితే జైలు శిక్ష ఉంది. ఇంటర్ పిల్లల హాస్టళ్ళకూ ఇది వర్తిస్తుంది. అయినా పెద్దమనుషుల్ని పిలిచి సర్దుబాటు చేయడమే తన పని అనుకునే వార్డెన్లు ఉన్నారు. అది దుర్మార్గం అయిన చోట శిక్ష పడాలి. తెలియనితనం అయిన చోట ఆ తెలియనితనానికి బాధ్యులు పైన కూర్చున్నారు.

మూడోది భాష. నేను హాస్టల్లో ఉన్నప్పుడు కొత్తగా చేరిన ఒక చిన్న పిల్లవాడు రాత్రంతా ఒకే మాట అంటూ ఏడ్చాడు. వార్డెన్ సారుకు అర్థం కాలేదు. బెంగ అనుకుని పడుకోమన్నారు. తెల్లవారుజామున పొయ్యి రాజెయ్యడానికి వచ్చిన వంటమ్మ ఆ మాట విని పరిగెత్తుకొచ్చింది. వాడికి చెవిలో పురుగు దూరింది. ఆమె నూనె పోసి తీసింది. ఆ సారు చెడ్డవాడు కాదు. రాత్రంతా వాడి మంచం దగ్గరికి మూడుసార్లు వచ్చి చూశారు. ఆయనకు భాష రాదు, అంతే. భాష వచ్చిన మనిషికేమో హాస్టల్లో పేరు లేదు.

ఈ మాట కొంచెం ఆగి ఆలోచించాలి. వంటమనిషి, కామాటి, వాచ్‌మన్, ఆయా చాలాచోట్ల పక్క గూడెం వాళ్ళే. పిల్లల భాష వాళ్ళకు వస్తుంది. ఏ పిల్ల ఏ ఇంటిదో, ఏ ఇంట్లో ఏ కష్టం ఉందో తెలుసు. వార్డెన్ ఊరెళ్ళిన రాత్రి నిజమైన వార్డెన్ వాళ్ళే. కానీ వాళ్ళు అవుట్‌సోర్సింగ్, లేకపోతే డైలీ వేజ్. జీతం నెలల తరబడి రాకపోతే రోడ్డెక్కేదీ వాళ్ళే. శిక్షణ అనే మాట వచ్చినప్పుడు ఆ జాబితాలో వాళ్ళ పేరు ఉండదు. తెలిసినవాళ్ళకు హోదా లేదు, హోదా ఉన్నవాళ్ళకు తెలివిడి లేదు. మన హాస్టల్ కథంతా ఇక్కడుంది.

మనవాళ్ళను తీసుకుని పని నేర్పడం కొత్త ఆలోచన ఏమీ కాదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగిన తర్వాత నిజాం ప్రభుత్వం పంపగా హైమెన్‌డార్ఫ్ ఆదిలాబాద్ అడవుల్లోకి వచ్చారు. 1943లో మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. డిగ్రీలున్న గోండులు దొరికేదాకా ఆగుదామని అక్కడ ఎవరూ అనలేదు. కొద్దిగా మరాఠీ అక్షరాలు వచ్చినవాళ్ళను పోగుచేసి నేర్పారు. వాళ్ళకు వచ్చిన దేవనాగరి లిపిలోనే గోండి వాచకాలు తయారుచేశారు. ముందు మనిషిని ఎంచుకుని, ఆ తర్వాత అర్హతను తయారుచేసిన పద్ధతి అది. అది నిజాం తన అవసరానికి చేసిన పని అని నాకు తెలుసు. మళ్ళీ తిరుగుబాటు రాకుండా చూసుకోవడం ఆ అవసరం. అయినా పద్ధతి పద్ధతే. ఎనభై ఏళ్ళ తర్వాత మనం దాని కంటే వెనక్కి పోయాం.

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అన్న 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దాని మీద మన పోరాటం న్యాయమైనది, సాగాలి. అయితే జీవో 3 ఉన్న రోజుల్లో కూడా ఒక పని చేయకుండా వదిలేశాం. మనవాళ్ళకు పోస్టు రావాలని అడిగాం. వచ్చినవాళ్ళు పని నేర్చుకోవాలని అంత గట్టిగా అడగలేదు. ఆదివాసీ వార్డెన్ వస్తే చాలు అన్నీ సర్దుకుంటాయని నమ్మాం. మన వార్డెన్లలో కూడా ప్యాంటు మడత నలగకుండా కుర్చీలో కూర్చుని, పిల్లలు సొంత భాష మాట్లాడితే కసిరేవాళ్ళు లేరా? లంబాడా వార్డెన్‌కు కొలామి రాదు. కోయ వార్డెన్‌కు కొండరెడ్డి పిల్లవాడి మౌనం తెలియదు. తెగ ఒకటైనంత మాత్రాన పని రాదు. తెగ వేరైనంత మాత్రాన నేర్చుకుంటే రాకుండా పోదు. ఈ మాట మనలో మనం అనుకోకపోతే బయటివాళ్ళను అడిగే హక్కు సగమవుతుంది.

అమెరికా విశ్వవిద్యాలయాల్లో హాస్టల్ అంతస్తుకొక సీనియర్ విద్యార్థిని ఎంపిక చేస్తారు. రెసిడెంట్ అసిస్టెంట్ అంటారు, పొట్టిగా ఆర్ఏ. కొత్త పిల్లలు రాకముందే వాళ్ళకు శిక్షణ ఇస్తారు. గదుల్లో తగాదాలు ఎలా తీర్చాలి, చచ్చిపోతానన్న పిల్లవాడిని ఎలా పలకరించాలి, ఎవరికి ఫోన్ చేయాలి, ఏ మాట కడుపులో దాచుకోవాలి, ఏ మాట దాచకూడదు అన్నవి నేర్పుతారు. బదులుగా గది, కొన్నిచోట్ల భోజనం. చదువు అయ్యాక ఆ అనుభవం ఉద్యోగానికి అక్కరకొస్తుంది. మన కాలేజీ హాస్టళ్ళలో సీనియర్ అక్క ఈ పనులన్నీ ఇప్పటికే చేస్తోంది. జ్వరమొచ్చిన పిల్లను ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంది. డాక్టరు మాట తెలుగులో విని పిల్లకు సొంత భాషలో చెబుతుంది. స్కాలర్‌షిప్ ఫారం నింపుతుంది. దానికి పేరు లేదు, నేర్పినవాళ్ళు లేరు, ఒక్క కాగితం మీద కూడా అది ఎక్కదు.

కాబట్టి నేను అడిగేది ఇది. కాలేజీ హాస్టళ్ళలో ప్రతి భాషకూ ఒకరు చొప్పున డిగ్రీ సీనియర్లను ఎంచుకోండి. బడి తెరవకముందే రెండు వారాలు నేర్పండి. వాళ్ళతో పాటే వంటమనిషినీ వాచ్‌మన్‌నూ కూర్చోబెట్టండి. భాష పాఠం వాళ్ళే చెప్పాలి, వార్డెన్ నేర్చుకోవాలి. గౌరవ వేతనం ఇవ్వండి, సర్టిఫికెట్ ఇవ్వండి. రేపు వార్డెన్ పోస్టు పడినప్పుడు ఆ సర్టిఫికెట్‌కు మార్కులు కలపండి.

దీనిలో రెండు ప్రమాదాలున్నాయి. పిల్లలతో చవగ్గా పని చేయించుకుని రెగ్యులర్ పోస్టులు నింపడం మానేస్తారు. అమెరికాలో కూడా ఆమ్‌హెర్స్ట్‌లోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో ఆర్ఏలు 2002లో యూనియన్ పెట్టుకున్నారంటే ఊరికే కాదు. ఉచిత గది ఇచ్చినా పని పనే. రెండోది, సీనియర్‌ను వార్డెన్ చెవిగా మార్చేస్తారు. అందుకే పోస్టులు నిండిన హాస్టల్లోనే సహాయకులు ఉండాలి, వాళ్ళు హాజరు తీయకూడదు, శిక్షలు వేయకూడదు అని మొదటే రాసుకోవాలి.

ఇక మన కలాల సంగతి. దొంగ వార్డెన్ మీద రాయడం మానమని నేను అనడం లేదు. బియ్యం పోతున్నంత కాలం రాయాల్సిందే. దానితో పాటు, పని రాని చేతుల్లో వందమంది పిల్లల్ని పెట్టుకుని ఆ రాత్రి నిద్రపట్టని వార్డెన్‌ను కూడా రాయండి. చెవిలో నూనె పోసిన వంటమ్మను రాయండి. రాసేటప్పుడు ఆమెను తల్లి అని పొగిడి వదిలేయకండి. ఆమెకు ఆ నెల జీతం వచ్చిందో లేదో కనుక్కుని, అది కూడా రాయండి.