టార్చి ఆపి చూద్దాం

చీకటిని పిల్లలకు పరిచయం చేసే పనిని మనం ఏనాడో బూచాడికి అప్పగించేశాం. ప్రకృతి పాఠమేమో పట్టపగలు, నాలుగు గోడల మధ్య, పుస్తకంలో ముగుస్తుంది. దసరా సెలవులకు ఊరొచ్చిన పిల్లల్ని రాత్రిపూట డాబా ఎక్కించడం నాకు అలవాటు. ఒక్కటే షరతు, ఫోన్లు కిందే ఉండాలి.

కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే సుమారు అరగంట పడుతుంది. మధ్యలో ఎవరైనా దీపం వెలిగించారా, కథ మళ్లీ మొదటికే. ఆ అరగంట పిల్లలు ఊరికే కూర్చోరు కదా! రంగు పెన్సిళ్లన్నీ కలిపేసి ఎర్రది తీయమంటాను. ధీమాగా తీస్తారు. కిందికి దిగాక చూసుకుంటే ఒకడి చేతిలో గోధుమరంగు, ఇంకొకత్తె చేతిలో నలుపు. మసకలో పనిచేసే కంటి కణాలకు రంగులు తెలియవు, ఎరుపైతే దాదాపు ఆనదు. పొద్దుగూకగానే పెరట్లో ఎర్రమందారం నల్లబడి, దాని ఆకులే తేటగా కనిపించేది అందుకే. 1819లో పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త గమనించిన సంగతి ఇది.

కంటి నడిమధ్యన మసకలో పనిచేసే ఆ కణాలు ఉండవు. కనుక తూర్పున కృత్తికలు, అదే మన పిల్లలకోడి, పైకొచ్చాక సూటిగా కాక కాస్త పక్కకు చూడమంటాను. అప్పుడు గుంపు తేటపడుతుంది. అన్ని పాఠాల్లోనూ ‘ఇటు చూడు’ అనే పెద్దాళ్లు ‘అటు చూడు’ అనడం పిల్లలకు భలే నచ్చుతుంది.

పారిజాతం ఎటువైపుందో ముక్కుతో చెప్పమంటే, గాలి మారినప్పుడల్లా జవాబు మారుతుంది. చెవి సంగతి ఇంకా తమాషా. వయసు పైబడేకొద్దీ సన్నటి ధ్వనులు వినపడవు. కొన్ని కీచురాళ్ల పాట మనవలకు వినిపిస్తూనే ఉంటుంది, తాతలకు మాత్రం అక్కడ నిశ్శబ్దమే. మనవడు చెబితే తాత నమ్మాలి, మరో దారి లేదు.

చీకటి మీద మోజుతో టార్చిని తిట్టను. కట్లపాము తిరిగేది రాత్రిపూటే. నేలమీద నడిచేటప్పుడు చెప్పులు, వెలుగు, పక్కన పెద్దవాళ్లు ఉండి తీరాల్సిందే. అదే టార్చిని కంటి పక్కన ఆనించి గడ్డి మీదికి వేస్తే, నేలమీద తిరిగే సాలీళ్ల కళ్లు మిలమిలమంటాయి. మెరిసేవన్నీ సాలీళ్లు కావు, మంచుబొట్లూ ఉంటాయి. ఏది ఏదో తేల్చుకునే పంచాయితీలో నేను వేలు పెట్టను.